చెత్తబండి వెనక ఫిలాసఫీ

ప్రాగ్మాటిజం అంటే పనైపోతే చాలనుకునే అవకాశవాదం అనుకుంటారు చాలామంది. కాదండీ! ఆచరణలో పెడితే జీవితాల్లో ఏం తేడా వస్తుందో చూసి ఆలోచన విలువ కట్టాలన్నది అసలు వాదం. మరి ఎవరి జీవితాల్లో? పర్‌డ్యూ యూనివర్సిటీ ఫిలాసఫీ ప్రొఫెసర్ షార్లీన్ హాడక్ సీగ్‌ఫ్రీడ్ 1996లో రాసిన 'ప్రాగ్మాటిజం అండ్ ఫెమినిజం' పుస్తకం పట్టుకున్నది ఈ ప్రశ్ననే.

జాన్ డ్యూయీని ఫిలాసఫర్ అన్నారు. ఆయన ఆలోచనల్ని ప్రభావితం చేసిన జేన్ ఆడమ్స్‌ని మాత్రం సంఘసేవకురాలి ఖాతాలో వేసేశారు. 1889లో షికాగోలో హల్ హౌస్ పెట్టి, 1895లో చెత్త ఇన్‌స్పెక్టర్‌గా బళ్ళ వెంట తిరిగిన మనిషావిడ. అమెరికా రాజ్యాంగం ఆడవాళ్ళ ఓటుని గుర్తించింది 1920లో!

యూజర్ని అడక్కుండా రిక్వైర్‌మెంట్స్ రాస్తే మనం ఊరుకుంటామా? చెత్త పక్కన బతికేవాళ్ళ మాట వినని ప్రజాస్వామ్యం కూడా టెస్ట్ చెయ్యని కోడే, నా దృష్టిలో.