నేల క్రింది మనిషి

1948 డిసెంబరు 10వ తేదీన ఐక్యరాజ్యసమితి మానవహక్కుల ప్రకటనను ఆమోదించినది. అందలి మొదటి అధికరణపు ముసాయిదాలో 'పురుషులందరు' అను అర్థము గల మాట ఉండగా, దానిని 'మానవులందరు' అని మార్పించిన ఘనత మన దేశ ప్రతినిధి హంసా మెహతాకు దక్కినది. ఒక్క మాట మార్పుతో మానవజాతిలో సగభాగము ఆ వాక్యములోనికి ప్రవేశించినది. చట్టములందు మాటకు గల బలము అట్టిది. మాట మనిషిని లోనికి తీసికొనిరాగలదు, వెలుపల నిలుపనూగలదు. ఈ రెండవ సంగతికి నిదర్శనము మన నగరవీధుల క్రిందనే ఉన్నది.

1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగము 17వ అధికరణముతో అస్పృశ్యతను రద్దు చేసినది. దానిని శిక్షార్హము చేయుచు 1955లో చట్టము వచ్చినది. అయినను, అస్పృశ్యతకు నగ్నరూపమైన పాకీపని, అనగా సాటిమనిషి మలమును చేతితో ఎత్తి నెత్తిన మోయు పని, నిషేధింపబడుటకు 1993 దాక ఆగవలసివచ్చినది. ఇరువది యేండ్లకు, 2013లో, మరింత విస్తృతమైన చట్టము చేయబడి, ఆ యేడు డిసెంబరు 6న, అంబేడ్కరు వర్ధంతి నాడు, అమలులోనికి వచ్చినది. నీటి వసతి లేని పాతరకపు మరుగుదొడ్లతో పాటు మురుగుకాలువలును, సెప్టిక్ ట్యాంకులును దాని పరిధిలో చేరినవి. అయినను మ్యాన్‌హోల్ మూత తీసి లోనికి దిగినవారు శవములై పైకి వచ్చుట నేటికిని ఆగలేదు.

ఈ మరణములు ఎట్లు సంభవించునో విద్యార్థులు తెలిసికొనవలెను. మూసియున్న మురుగులో మలినములు కుళ్ళునప్పుడు హైడ్రోజన్ సల్ఫైడు, మీథేను మొదలగు వాయువులు పుట్టును. హైడ్రోజన్ సల్ఫైడు గాలికంటె బరువైనది. కనుక అడుగున నిలిచియుండును. కొద్దిపాటిగా ఉన్నప్పుడు కుళ్ళిన గ్రుడ్డు వాసన వేయును. మోతాదు మించినచో ముక్కునకు వాసన తెలియు శక్తియే నశించును. అనగా అపాయము పెరిగినకొలది హెచ్చరిక మాయమగుచున్నదన్నమాట. మొదటివాడు పడిపోగా, అతనిని కాపాడబోయి రెండవవాడు, అతనికై మూడవవాడు దిగుదురు. ఒకే గుంతలో ఇద్దరు ముగ్గురు మరణించుటకు కారణమిదియే. ఇందు విధి చేసినదేమియు లేదు. ఇది రసాయనశాస్త్రము ముందుగనే చెప్పియున్న ఫలితము.

ఇక చట్టములోని మాటను చూతము. 'పాకీపనివారు' అను మాటకు ఒక నిర్వచనము, 'అపాయకరమైన శుభ్రపరచుట' అను మాటకు వేరొక నిర్వచనము చట్టమునందు కలవు. ఈ భేదమును ఆధారము చేసికొని, పాకీపని వలన మరణించినవారు లేరనియు, మరణములు మురుగుకాలువలను, ట్యాంకులను అపాయకరముగా శుభ్రపరచుట వలన కలిగినవనియు కేంద్రప్రభుత్వము పార్లమెంటునకు తెలిపియున్నది. మరణించినవాని భార్యకు ఈ భేదము బోధపడునా? ఆ రెండవ నిర్వచనమునందును ఒక సందు ఉన్నది. రక్షణ సాధనములు ఇయ్యక దింపుట నిషేధము గాని, దింపుటయే నిషేధము కాదు. కాగితముపై తొడుగులు, ముసుగులు ఇచ్చినట్లు వ్రాసికొనుట ఎంతసేపు? పురపాలక సంఘము గుత్తేదారును, గుత్తేదారు మేస్త్రీని, మేస్త్రీ దినకూలీని చూపును. మనిషి చనిపోయిన మరునాడు అతని యజమాని ఎవరో తేలదు.

ఆ దినకూలీ ఎవడు? 2013లోను, 2018లోను జరిగిన సర్వేలలో 58,098 మంది పాకీపనివారు గుర్తింపబడిరి. వారిలో కులము నమోదైన 43,797 మందిలో 42,594 మంది షెడ్యూల్డు కులములవారే. అనగా నూటికి 97 మంది. పేదరికమే ఈ పనికి కారణమైనచో, అన్ని కులములలోను పేదలున్నారు గదా, వారేల కానరారు? జాషువ 'గబ్బిలము' 1941లో వెలువడినది. గుడిలోనికి పోరాని మనిషి తన మొరను గబ్బిలముతో శివునికి పంపుకొనుట అందలి కథ. అట్లు గుడి వెలుపల నిలిపిన మనిషిని మురుగుగుంతలోనికి మాత్రము మనమే పంపుచున్నాము.

న్యాయస్థానము ఊరకుండలేదు. కోలారు బంగారుగనుల ఊరిలో పాకీపని చేసిన కుటుంబమున జన్మించిన బెజవాడ విల్సన్ నాయకత్వమున సఫాయి కర్మచారి ఆందోళన్ నడపిన వ్యాజ్యమున, 1993 నుండి మురుగులో మరణించిన ప్రతివాని కుటుంబమునకు 10 లక్షల రూపాయలు ఇయ్యవలెనని 2014లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. 2023 అక్టోబరులో వేరొక తీర్పు దానిని 30 లక్షలకు పెంచినది. 2025 జనవరి 29న హైదరాబాదుతో కలిపి ఆరు మహానగరములలో మనుషులతో ఈ పని చేయించరాదని ఆదేశించినది. పరిహారము న్యాయమే. కాని అది చావు తరువాత వచ్చునది. హక్కు బ్రదికియుండగా కావలెను.

సాధనములు లేవా? 2017లో హైదరాబాదు జలమండలి ఇరుకుసందులలోనికి పోగల 70 చిన్న జెట్టింగ్ యంత్రములను ప్రవేశపెట్టినది. మ్యాన్‌హోల్‌లో దిగి పూడిక తీయు మరయంత్రమును కేరళ యువకులు తయారు చేసిరి. అయినను యంత్రపు అద్దెకంటె మనిషి కూలి చౌకగా దొరకినంతకాలము, పెరటిలోని ట్యాంకునకు మనము మనిషినే పిలుతుము. ఉన్న పని మాన్పించిన వారు తిండికేమి చేయుదురను ప్రశ్న న్యాయమైనది. దానికి సమాధానము వేరుపని చూపుట. అపాయములోనే ఉంచుట కాదు.

ఉపాధ్యాయులకు ఒక మనవి. ఇట్టి వార్త పత్రికలో కనబడినప్పుడు దానిని తరగతిలో చదివింపుడు. 'మ్యాన్‌హోల్‌లో దిగిన కార్మికుడు ప్రమాదవశమున మృతి' అని అందుండును. 'దిగు' ధాతువునకు ప్రేరణార్థకము 'దించు' అని పిల్లలకు తెలియును. ఈ వాక్యమును ప్రేరణార్థకముతో తిరిగి వ్రాయుడని అడుగుడు. వెంటనే వాక్యమునకు కర్త కావలసివచ్చును. దించినదెవరు? పిల్లలు వెదకి ఆ పేరు వ్రాయనిండు. మన బడిలో మరుగుదొడ్డి కడుగువారెవరు, ఎల్లప్పుడు వారే ఏల అను ప్రశ్న తరువాత వచ్చినచో, దానిని కూడ ఆపవలదు.