ఎన్నో రాజో, ఏ రాజో

లంకలోని కాండీ సింహాసనం 1739లో తెలుగు మూలాలున్న నాయకుల వంశానికి దక్కింది. శ్రీ విజయ రాజసింహుడు, కీర్తిశ్రీ రాజసింహుడు, రాజాధి రాజసింహుడు, శ్రీ విక్రమ రాజసింహుడు వరసగా ఏలారు. 1815లో ఇంగ్లీషువారు ఆ రాజ్యాన్ని కలిపేసుకున్నారు. నలుగురూ రాజసింహులే అయినా ఎవరికీ సంఖ్య లేదు; పేరు ముందున్న మాటతోనే ఎవరెవరో తెలిసిపోతుంది. వీళ్లకు ముందు 1635 నుంచి 1687 దాకా కాండీని ఏలిన రాజసింహుణ్ణి మాత్రం చరిత్రకారులు ‘రెండవ’వాడంటారు. మరి మొదటివాడెవరంటే, సీతావాక రాజు. రాజ్యం వేరైనా లెక్క మాత్రం కలిసిపోయింది.

లంక సంగతి మనకెందుకని జంగారెడ్డిగూడెంలో కూర్చుని అడగవచ్చు. ఏలూరు పక్కన పెదవేగి ఉంది కాబట్టి! వేంగి చాళుక్యులను మన పాఠ్యపుస్తకాలు అంకెలతోనే పరిచయం చేస్తాయి. వాళ్ల తామ్రశాసనాల్లో ఆ అంకెలు లేవు. కుబ్జ విష్ణువర్ధనుడు 18 ఏళ్లు, ఇంద్రభట్టారకుడు ఏడు రోజులు, కొక్కిలి ఆరు నెలలు, గుణగ విజయాదిత్యుడు 44 ఏళ్లు అంటూ పేరు, బంధుత్వం, ఏలిన కాలం చెప్పుకుంటూ పోతాయి. మొదటి, రెండవ అనే వరస ఆధునిక చరిత్రకారులు శాసనాలు చదువుతూ వేసుకున్న గుర్తు. ఆ గుర్తునే రాజు పేరులో భాగంగా రాయడం మీదే నా అభ్యంతరం.

విష్ణువర్ధన, విజయాదిత్య అనే రెండు పేర్లే తిరిగి తిరిగి వస్తుంటే సంఖ్య లేకుండా పిల్లలు ఎలా గుర్తుపెట్టుకుంటారని ఉపాధ్యాయులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అయితే సంఖ్య అంత నమ్మకమైనదేమీ కాదు. అమ్మరాజు తర్వాత పదిహేను రోజులకొకరు, నెలకొకరు సింహాసనం మారిన గందరగోళంలో ఒక భీముడు ఎనిమిది నెలలు ఏలాడు. అతణ్ణి లెక్కలో వేస్తే తర్వాత పన్నెండేళ్లు ఏలిన చాళుక్య భీముడు మూడవవాడు, వదిలేస్తే రెండవవాడు. బెజవాడలో మధ్యాక్కర పద్యాల శాసనం వేయించిన యుద్ధమల్లుడిది ఇంకో చిక్కు. ఆయన ‘రెండవ’ యుద్ధమల్లుడట. మొదటివాడు ఆయన తాత, ఆ పెద్దమనిషికి వేంగి గద్దె దక్కనే లేదు! పోనీ పట్టాభిషేక నామం పట్టుకుని లెక్కిద్దామా? చాళుక్య భీముడూ విష్ణువర్ధనుడే, రాజరాజనరేంద్రుడూ విష్ణువర్ధనుడే.

శాసనాల లెక్కలు మాత్రం కచ్చితమా అని ఇంకో మాట వస్తుంది. కావు. నూట ఎనిమిది యుద్ధాలు చేసి నూట ఎనిమిది శివాలయాలు కట్టించాడని పేరుపడ్డ నరేంద్ర మృగరాజు ఒక శాసనంలో 40 ఏళ్లు, మరో దానిలో 44, ఇంకో దానిలో 48 ఏళ్లు ఏలాడు. కానీ ఆ తేడా కళ్లెదుటే ఉంది, పాఠకుడు తూచుకోగలడు. అతణ్ణే ‘రెండవ విజయాదిత్యుడు’ అన్నప్పుడు ఏ సందేహమూ బయటికి కనిపించదు, పైగా ఆ మనిషే మాయమైపోతాడు.

తెలుగు సాహిత్యం ఈ సమస్యను ఎప్పుడో తీర్చుకుంది. నన్నయ చేత భారతం రాయించిన రాజును మనం ఏనాడూ అంకెతో పిలవలేదు. చోళుల పట్టికలో ‘మొదటి’ రాజరాజు ఆయన తల్లి కుందవ్వకు తండ్రి. తాతా మనవళ్లను వేరుచేయడానికి ‘నరేంద్ర’ ఒక్కటి చాలింది.

బిరుదు అందరికీ లేదు కాబట్టి సంఖ్యలను పూర్తిగా వదలమనడం లేదు. ఈ పత్రికకు చరిత్ర వ్యాసాలు పంపేవారు ముందు గుణగ విజయాదిత్యుడనో కొల్లభిగండ విజయాదిత్యుడనో రాసి, పక్కన ఏలిన కాలం ఇచ్చి, సంఖ్యను ఆ తర్వాతే వేయవలసిందిగా కోరుతున్నాం.