మనసుకూ ఒక నీళ్ల లెక్క

జూన్ వచ్చిందంటే అనంతపురం సీమలో ఎవరిని పలకరించినా ఒకటే మాట... ‘వాన ఎప్పుడు?’

నైరుతి మబ్బుల్ని పడమటి కనుమలు ఆపేస్తాయి. తూర్పు తీరం దూరం కావడంతో ఈశాన్య రుతుపవనాలూ అంతంతమాత్రమే. ఇప్పుడు రెండు జిల్లాలుగా విడిపోయిన ఉమ్మడి అనంతపురంలో ఏడాది సగటు వర్షపాతం 550 మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూ. ఆ కొద్దిపాటి వాన కూడా వేరుశనగ ఊడలు దిగే వేళకు ముఖం చాటేస్తే పెట్టుబడంతా మట్టిపాలే. హంద్రీనీవా కాలువతో కొన్ని ఊళ్లకు కృష్ణా నీళ్లు వచ్చినా, మెట్ట రైతు చూపు ఇప్పటికీ ఆకాశం వైపే.

ఇలాంటి చోట మనిషిని కుంగదీసేది కరవు ఒక్కటే కాదు. రేపేమవుతుందో తెలియకపోవడం అంతకన్నా పెద్ద బాధ. రాత్రి మంచమెక్కగానే బుర్రలో లెక్కలు మొదలవుతాయి. అప్పు ఎంత, వడ్డీ ఎంత, బోరు ఇంకెన్నాళ్లు పోస్తుంది, అమ్మాయి ఫీజు ఎక్కణ్నుంచి తేవాలి... ఒకదాని వెంట ఒకటి. తెల్లారినా తెగవు. పట్నంలో ఉద్యోగం చేసుకునేవారి లెక్కలు వేరు కావచ్చు, నిద్ర పట్టకపోవడం మాత్రం ఒకటే.

ఆ లెక్కల్ని తలలోంచి తీసి కాగితం మీద పెట్టమంటారు మానసిక నిపుణులు. రోజూ కాసేపు డైరీ రాయమంటారు. ‘రాస్తే వాన కురుస్తుందా?’ అని ఎవరైనా అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు ఈ సీమ రైతులే ఒకసారి చేసి చూపించారు.

బోర్లకు డైరీ

2003లో ఉమ్మడి రాష్ట్రంలోని ఏడు కరవు జిల్లాల్లో ఒక పథకం మొదలైంది. అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ... ఇవీ ఆ జిల్లాలు. భూగర్భజలాల బాగోగులు రైతులే చూసుకోవాలన్నది ఉద్దేశం. మొదట నెదర్లాండ్స్ ప్రభుత్వం, తర్వాత ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ చేయూతనిచ్చాయి. ఊళ్లలో స్వచ్ఛంద సంస్థలు పనిచేశాయి. పొడి అక్షరాల్లో ఏపీఫామ్‌జీఎస్ అనేవారు.

అందులో ఆడా మగా అందరూ నేర్చుకున్న పనులు రెండే... కొలవడం, రాయడం. ఊళ్లో వర్షమాపకం పెట్టుకున్నారు. వాన పడితే ఎన్ని మిల్లీమీటర్లో పుస్తకంలోకి ఎక్కించారు. కొన్ని బోర్లను ఎంచుకుని, పదిహేను రోజులకోసారి లోపలికి టేపు దింపి నీళ్లు ఎంత లోతున ఉన్నాయో చూశారు. ఆ అంకెల్ని అందరికీ కనపడేలా బోర్డు మీద రాశారు. రబీకి ముందు ఒకచోట కూర్చుని, భూమిలో ఉన్న నీళ్లెన్ని, వేయాలనుకున్న పంటలకు కావాల్సినవెన్ని అని లెక్క కట్టారు.

ఫలానా పంట వేయొద్దని ఎవరూ శాసించలేదు. జరిమానాలూ లేవు. అయినా చాలాచోట్ల రైతులు తమంతట తామే వరి తగ్గించారు. తక్కువ తడులతో పండేవాటి వైపు మళ్లారు. మన దేశంలో భూగర్భజలాల పరిస్థితి మీద 2010లో వెలువరించిన నివేదికలో ప్రపంచ బ్యాంకు ఈ అనుభవాన్ని ప్రత్యేకంగా చెప్పుకొచ్చింది.

పుస్తకంలో రాసుకున్నందుకు వాన ఎక్కువేమీ పడలేదు. రైతు వేసుకునే ప్రశ్న మాత్రం మారింది. ‘ఈసారి ఏమైపోతామో’ అన్న భయం పోయి, ‘ఉన్న నీళ్లకు ఏం వేద్దాం’ అన్న ఆలోచన వచ్చింది. మనసు గురించి రాసుకునే డైరీతో జరిగేదీ అదే.

మనకు కొత్తేమీ కాదు

డైరీ అనగానే చదువుకున్నవాళ్ల వ్యవహారం అనుకుంటాం. ఏ ఊరి అంగడికి వెళ్లినా ఒకప్పుడు చిట్టా, ఆవర్జా అని రెండు పుస్తకాలుండేవి. ఏ రోజు పద్దు ఆ రోజు చిట్టాలోకి ఎక్కేది. తర్వాత తీరిగ్గా ఎవరి ఖాతా వారికి విడదీసి ఆవర్జాలో రాసేవారు.

మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటర్‌గా పనిచేసిన ఏనుగుల వీరాస్వామి 1830 మే నెలలో కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరులో తిరిగొచ్చారు. దారి ఎలా ఉంది, మజిలీలో నీటి వసతి ఉందా, ఏ సరుకులు దొరుకుతున్నాయి... అన్నీ ఎప్పటికప్పుడు రాస్తూ మిత్రుడికి పంపారు. 1838లో అచ్చయిన ‘కాశీయాత్ర చరిత్ర’ అలా పుట్టిందే. ఆశ్రమంలో ఉండేవాళ్లు రోజూ డైరీ రాయాలని గాంధీజీ పట్టుబట్టేవారు.

అంతదాకా ఎందుకు? పొదుపు సంఘాల అక్కచెల్లెళ్లను అడిగితే పంచసూత్రాలు గడగడా చెబుతారు. క్రమం తప్పని సమావేశం, పొదుపు, అప్పులివ్వడం, తిరిగి కట్టడం... అయిదోది పుస్తకాల నిర్వహణ. సంఘం డబ్బుకు పుస్తకం ఉండాలని తెలిసిన ఇంట్లో, ఇంటి మనసుకు మాత్రం ఏ పుస్తకమూ ఉండదు!

పరిశోధనలు ఏమంటున్నాయి?

అమెరికాలో జేమ్స్ పెనెబేకర్ అనే మానసిక శాస్త్రవేత్త సాండ్రా బీల్‌తో కలిసి కళాశాల విద్యార్థుల మీద చేసిన ప్రయోగం 1986లో అచ్చయింది. తమను బాగా బాధపెట్టిన సంగతిని వరసగా నాలుగు రోజులు, రోజుకు పావుగంట రాయమన్నారు. ఏం జరిగిందో, అప్పుడు ఏమనిపించిందో రెండూ రాసినవారు తర్వాతి నెలల్లో మిగతావారికన్నా తక్కువసార్లు వైద్యుడి దగ్గరికి వెళ్లారు. ఇంకో విషయం కూడా తేలింది. రాసిన వెంటనే వాళ్ల మనసు తేలికపడలేదు, పైగా బరువెక్కింది. మేలు కనపడింది తర్వాతే. కాబట్టి మొదటి రోజు రాసి ఏడుపొస్తే ‘ఇది నాకు పడదు’ అని పుస్తకం మూసేయక్కర్లేదు.

నిద్ర మాటకొస్తే... 2018లో బేలర్ విశ్వవిద్యాలయం వాళ్లు 57 మందిని పరీక్షించారు. పడుకోబోయే ముందు కొందరు అయిదు నిమిషాల పాటు రాబోయే రోజుల్లో చేయాల్సిన పనుల జాబితా రాశారు. మిగతావారు అప్పటికే చేసేసిన పనులు రాశారు. మొదటి జట్టుకు సుమారు తొమ్మిది నిమిషాలు ముందుగా నిద్ర పట్టింది.

2003లో రాబర్ట్ ఎమ్మన్స్, మైకేల్ మెకల్లో చేసిన పరిశోధన మరొకటి. వారానికోసారి తమకు జరిగిన అయిదు మంచి సంగతులు రాసుకున్నవారు, చికాకులు రాసుకున్నవారికంటే తమ జీవితం పట్ల తృప్తిగా కనిపించారు.

ఏం రాయాలి, ఎలా రాయాలి?

నీళ్ల పుస్తకం నేర్పిన పద్ధతినే పట్టుకుంటే చాలు.

తేదీ వేయండి. ఒక అంకె రాయండి. ఎన్ని గంటలు నిద్రపోయారు, ఎంత ఖర్చయింది, ఎంత దూరం నడిచారు, కోపం ఎన్నిసార్లు వచ్చింది... ఏదైనా సరే. అంకె అబద్ధం చెప్పదు.

జరిగింది ఒకవైపు, అనిపించింది ఇంకోవైపు రాయండి. పేజీ మధ్యలో ఒక గీత గీస్తే సరిపోతుంది. ‘నా బతుకింతే’ అన్నది అనిపించింది. ‘బోరు పొద్దున రెండు గంటలు పోసి ఆగింది. టమోటాకు సగం చేనే తడిసింది. బ్యాంకు వాయిదాకు ఇంకా 40 రోజులుంది’ అన్నది జరిగింది. రెండూ పక్కపక్కన పడ్డాక, మొదటిది ఎంత పెద్దగా కనపడుతున్నా, చేతికి పని దొరికేది రెండోదాంట్లోనే.

చివర్లో రేపు చేయగలిగే పని ఒకటి రాయండి. ఒక్కటే. ‘అప్పులన్నీ తీర్చాలి’ అని కాదు. ‘బ్యాంకుకు వెళ్లి వాయిదా సంగతి అడగాలి’ అని. దాని కింద ఆ రోజు జరిగిన ఒక మంచి. పక్కింటావిడ మజ్జిగ ఇచ్చినా మంచే.

పదిహేను రోజులకోసారి వెనక్కి తిరగేయండి. చాలామంది వదిలేసేది ఇక్కడే. రోజూ రాసేది చిట్టా అయితే, తిరగేసి విడదీసుకునేది ఆవర్జా. మంగళవారం సంత నుంచి వచ్చినప్పుడల్లా ఇంట్లో గొడవ అవుతోందా? అత్తగారి ఊరెళ్లి వచ్చాక తలనొప్పి వస్తోందా? రాసేటప్పుడు తెలియని సంగతులు తిరగేస్తే తెలుస్తాయి.

నాలుగు రోజులు రాయకపోతే ఏమీ కాదు. అయిదో రోజు తేదీ వేసి మళ్లీ మొదలుపెట్టడమే. వదిలేసిన రోజులకు సంజాయిషీ రాయక్కర్లేదు.

అప్పుల పేజీ ఇంటిది

అనంతపురం అంటే వేరుశనగతోపాటు రైతుల ఆత్మహత్యలూ గుర్తుకు రావడం ఈ నేల చేసుకున్న దురదృష్టం. ఆయన పోయాక, వాకిట్లోకి అప్పులవాళ్లు వచ్చి నిలబడితే గానీ భార్యకు లెక్క తెలియని ఇళ్లు ఎన్నో. ఇంట్లోవాళ్లు బెంగపడతారని ఆయన చెప్పడు. అడిగితే నొచ్చుకుంటాడని ఆమె అడగదు. బరువంతా ఒక్క తల మీదే.

అందుకే పుస్తకాన్ని రెండు భాగాలు చేసుకోవడం మంచిది. మనసు పేజీలు ఎవరివి వారివే. అప్పుల పేజీ మాత్రం ఇంటిల్లిపాదిదీ. ఎవరి దగ్గర, ఎంత, నూటికి ఎంత వడ్డీ, ఎప్పుడు తెచ్చాం, ఎంత కట్టాం, నోటు రాశామా లేదా... అన్నీ ఒక్కచోట రాసి, భార్యాభర్తలిద్దరూ నెలకోసారి కూర్చుని చూసుకోవాలి. ఒక్కరే మోస్తున్నప్పుడు కొండంత అనిపించిన మొత్తం ఇద్దరూ చూశాకా తగ్గదు. కానీ ఏది ముందు తీర్చాలి, ఏ ఖర్చు వాయిదా వేయొచ్చు, ఎవరిని గడువు అడగొచ్చు అన్న మాటలు మొదలవుతాయి. బోర్ల నీటిమట్టాన్ని ఊరి బోర్డు మీద రాసింది కూడా ఇందుకే. ఒక్కరికే తెలిసిన అంకెతో ఊరు పంట మార్చుకోలేదు.

తొంగిచూడొద్దు

పదో తరగతి అమ్మాయి డైరీ రాస్తుంటే పెద్దలకు ఆరాటం సహజం. అయినా చాటుగా తీసి చదవకూడదు. ఒకసారి చదివారని తెలిస్తే ఆ తర్వాత ఆ పుస్తకంలో నిజం ఉండదు, మీతో మాటా తగ్గిపోతుంది. ‘ఏదైనా చెప్పాలనిపిస్తే నాకు చెప్పు’ అన్న మాట డైరీ తాళంకన్నా గట్టిగా పనిచేస్తుంది.

రాయడం రాని నాయనమ్మను కూడా వదిలేయొద్దు. ఆవిడ చెబుతుంటే మనవడు రాయొచ్చు. ఆవిడ కష్టం కాగితం మీదికి వస్తుంది, వాడికి ఇంటి చరిత్ర తెలుస్తుంది. పనికోసం బెంగళూరు వెళ్లిన కొడుకు రాత్రిపూట ఫోన్‌లోనే నాలుగు మాటలు రికార్డు చేసి పెట్టుకోవచ్చు. పేరు ఏదైతేనేం, అదీ డైరీయే.

కాగితం సరిపోనప్పుడు

డైరీ మందు కాదు. వైద్యుడికి బదులూ కాదు. పదిహేను రోజులు తిరగేస్తే ప్రతి పేజీలోనూ అదే బాధ, అవే మాటలు కనిపిస్తున్నాయా? అప్పుడు రాయడం కాస్త ఆపి మనిషితో మాట్లాడాలి. స్నేహితుడో, తోబుట్టువో, ప్రభుత్వాసుపత్రి వైద్యుడో.

నిద్ర, ఆకలి పోయి రోజులు గడుస్తున్నా, ‘నేను లేకపోతేనే వీళ్లకు నయం’ అన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా కాగితంతో సరిపెట్టుకోవద్దు. 14416కు ఫోన్ చేయండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీ మానస్ సేవ అది. పగలూ రాత్రీ పనిచేస్తుంది. పైసా ఖర్చు లేదు. తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఇంట్లో ఎవరి పుస్తకంలోనైనా అలాంటి మాట కంటపడితే తిట్టొద్దు, ‘పిరికివాడివా’ అని నిలదీయొద్దు. పక్కన కూర్చోండి. చెప్పింది వినండి. ఒంటరిగా వదలొద్దు. ఇంట్లో పురుగుమందు డబ్బాలుంటే ముందు వాటిని అందనిచోటికి చేర్చండి. గండం గడిపేందుకు ఆ కాస్త వ్యవధే ఆసరా అవుతుంది.

మొదలుపెట్టడానికి ఖరీదైన డైరీ అక్కర్లేదు. జనవరి ఒకటో తేదీ వరకు ఆగక్కర్లేదు. పిల్లల పాత నోటుపుస్తకంలో మిగిలిన తెల్ల కాగితాలు చాలు. ఏం రాయాలో తోచకపోతే పైన తేదీ వేసి, ఇవాళ వాన పడిందో లేదో రాయండి. ఆ తర్వాతి మాట దానంతటదే వస్తుంది.