కనబడని అతుకు

మంజీరా నీటితో చెరకు పండించు బోధను ప్రాంతమునకు జానకంపేట నుండి ఒక శాఖా రైలుమార్గము కలదు. బోధనులో 1937లో స్థాపింపబడి, 2015లో మూతపడిన నిజాం చక్కెర కర్మాగారమును ఎరుగనివారు ఆ జిల్లాలో అరుదు. నిజామాబాదు విద్యార్థులు కొందరు విజ్ఞాన ప్రదర్శనకై ఈ మార్గమును ఒక బల్లపై నమూనాగా నిర్మింపబూనిరనుకొనుడు. కర్మాగారపు పొగగొట్టమునకు రంగు వేయుటకు పదిమంది ముందుకు వత్తురు; బల్ల క్రింద దూరి తీగలు కలుపుటకు ఒక్కరైనను రారు. అయినను బండి నడచునా, నిలుచునా యని నిర్ణయించునది రంగు కాదు, అతుకే.

తీగల కొనలను ఊరక మెలివేసి వదలినను బండి ఆ దినమునకు నడచును. పని జరిగినది గదా, అంతకంటె శ్రమ యేల యని కొందరందురు. ఆ వాదము నిలువదు. కాలక్రమమున మెలిక వదులగును. రాగిపై చిలుము పట్టును. విద్యుత్తునకు నిరోధము పెరుగును. ఇట్టి బండ్లు సాధారణముగా 12 వోల్టుల విద్యుత్తుతో నడచును. అతుకునందు ఒక ఓము నిరోధమేర్పడి, ఒక ఆంపియరు విద్యుత్తు ప్రవహించినచో, అందు ఒక వోల్టు అచ్చటనే వ్యర్థమగును. రెండు ఆంపియర్లు ప్రవహించినచో రెండు వోల్టులు పోవుటయే గాక, నాలుగు వాట్ల వేడి పుట్టును. జానకంపేటలో చురుకుగా బయలుదేరిన బండి బోధను చేరకమునుపే నీరసించుట కిట్టి అతుకులే కారణము.

పట్టాలను కలుపు చిన్న రేకులనే నమ్ముటయు పొరపాటు. నిజమైన రైలుమార్గములలో సైతము, పట్టాల గుండ సంకేతముల విద్యుత్తు పోవుచోట్ల, అతుకున కిరువైపులనున్న పట్టాలను తీగతో బంధింతురు. ఫిష్‌ప్లేట్ల బిగింపు మాత్రమే చాలదని అనుభవము నేర్పినది. నమూనాలోను రెండు దళసరి తీగలను బల్ల పొడవునా సాగదీసి, వానినుండి ప్రతి పట్టా ముక్కకును వేరుగా సన్నని తీగలను కలుపవలెను. కొనలను గీకి శుభ్రపరచి, గట్టిగా పెనవేసి, పిమ్మట ఉపాధ్యాయుని సమక్షమున సోల్డరు పెట్టవలెను. కరగిన సోల్డరును పైన రాల్చుట చాలదు. అతుకునే వేడిచేసినచో సోల్డరు కరగి లోనికి పాకును. చల్లారిన తరువాత మెల్లగా లాగి చూచి, టేపు చుట్టవలెను.

ఇది ఆటబొమ్మకు మాత్రమే చెందిన నియమము కాదు. చెరకు, పసుపు చేలలో మోటారు పంపు స్టార్టరు కడ వదులైన తీగ మనిషినే బలిగొనగలదు. అచ్చటి విద్యుత్తును బాలబాలికలు ముట్టరాదు. అది శిక్షణ పొందినవారి పని. కాని రేపు ఆ శిక్షణ పొందువారు నేటి విద్యార్థులే. 12 వోల్టుల కడ “చాలులే” యని విడిచిపెట్టుట కలవాటుపడిన చేయి, 415 వోల్టుల కడ ఒక్కసారిగా జాగ్రత్త నేర్వదు. కావున ప్రదర్శనలో బహుమతి నిర్ణయించు పెద్దలు బల్ల పైభాగమును చూచి ఊరకుండక, వంగి క్రిందిభాగమును గూడ పరిశీలింపవలెను.