చేయి ఆగినా హునర్ ఆగదు

మా భాంజా ఫాస్ట్ బౌలర్. భుజం పాడైంది. ఇక బంతి వేయొద్దని డాక్టర్ సాబ్ చెప్పేశారు. ఇంట్లో మాతం. "ఇన్నేళ్ల మెహనత్ బర్బాద్ అయింది తమ్ముడూ" అని ఆపా ఒకటే ఏడుపు. అప్పుడు వాడికి నేనొక అమెరికన్ ఖిస్సా చెప్పాను.

మెల్ స్టాటిల్‌మైర్ బేస్‌బాల్ పిచర్. మన బౌలర్ లాంటివాడే అనుకోండి. ఆయన అసలు ఆయుధం సింకర్. నేరుగా వస్తున్నట్టే ఉండి చివర్లో కిందికి జారే బంతి. కొట్టినా నేలబారుగా పోయి ఫీల్డర్ చేతికి చిక్కుతుంది.

1964లో న్యూయార్క్ యాంకీస్‌లోకి వచ్చిన ఏడాదే వరల్డ్ సిరీస్ ఆడారు. ఆఖరి మ్యాచ్‌లో జట్టు ఓడింది. ఆ తర్వాత జట్టే దిగజారింది. ఆయన మాత్రం సబ్ర్‌తో బంతి వేస్తూనే 164 విజయాలు సాధించారు. కప్పు మాత్రం నసీబ్‌లో లేదు. 1974లో భుజం దెబ్బతింది. మరుసటి ఏడాది సీజన్ మొదలు కాకముందే జట్టు వదిలేసింది. అప్పటికి 33 ఏళ్లు. 1981లో 11 ఏళ్ల కొడుకును ల్యూకేమియా తీసుకుపోయింది.

అక్కడితో ఖతం అనుకుంటాం కదా? 1984లో మెట్స్ జట్టుకు పిచింగ్ కోచ్ అయ్యారు. 19 ఏళ్ల డ్వైట్ గూడెన్ షాగిర్ద్. మరుసటి ఏడాది ఆ కుర్రాడు 24 గెలిచి, 4 మాత్రమే ఓడాడు. 1986లో మెట్స్‌కు కప్పు. 1996లో తనను వదిలేసిన యాంకీస్‌కే కోచ్‌గా వెళ్లారు. 1996, 1998, 1999, 2000. నాలుగు కప్పులు! 2000లో తనకే క్యాన్సర్ వచ్చింది. ఇలాజ్ చేయించుకుని, మళ్లీ వచ్చి 2005 దాకా నేర్పారు. ఆడినప్పుడు ఒక్క కప్పూ లేదు. నేర్పినప్పుడు ఐదు.

గూడెన్ ప్రతిభ గూడెన్‌దే, ఒప్పుకుంటాను. ఉస్తాద్ దాన్ని పుట్టించలేదు. కానీ అలసిన భుజం ఏం చెబుతుందో, భుజం పోగొట్టుకున్నవాడికి తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది? ఆ ఇల్మ్ ఓటమి నుంచే వస్తుందని నా నమ్మకం.

మనమేమో గెలిచినవాడికే షాల్ కప్పుతాం. ఉస్తాద్‌ను ఫొటో అంచున నిలబెడతాం. ఆట ఆగిన పిల్లాడికి "వక్త్ ఖరాబ్ చేశావ్" అని తానా కొడతాం. వాడు నేర్చుకున్నదంతా మట్టిలో కలిసేది అక్కడే. దెబ్బ తగిలిన రోజు కాదు.

మొన్న జుమా తర్వాత చూస్తే, మా వాడు గల్లీ పిల్లలకు బంతి ఎలా పట్టుకోవాలో చూపిస్తున్నాడు. ఎడమ చేత్తో. "మామూ, వీడి మణికట్టు చూడు" అన్నాడు.

మీ ఇంట్లోనూ అలాంటివాడుంటే ఖతం అనకండి. "నీకొచ్చింది ఇంకొకరికి నేర్పు బేటా" అనండి.