రేమండ్ గుట్ట మీద ఎవరి పేరుంది?

మలక్‌పేట నుంచి దిల్‌సుఖ్‌నగర్ పోయే దారిలో మూసారాంబాగ్ వస్తుంది. 2018 నుంచి ఎల్బీనగర్ మెట్రో రైలు కూడా అక్కడ ఆగుతున్నది. ఈ మూసారాం ఏ రాముడూ కాదు. మొస్యే రేమండ్ అనే ఫ్రెంచి సేనాని. మొస్యే అంటే వాళ్ళ భాషలో అయ్యగారు. ముస్లిములు మూసా రహీం అన్నారు, హిందువులు మూసా రాం అన్నారు. నిజాం అలీఖాన్ కింద జీతానికి కుదిరిన ఈ దొర 1798 మార్చి 25న చచ్చిపోతే గుట్ట మీద 23 అడుగుల నల్లరాతి స్తంభం నిలబెట్టారు. చాలా ఏళ్ళు ఉర్సు కూడా చేశారు. కిరాయి సేనాని పీరయిండు!

పక్కనున్న మండపం 2001 వానలకు కూలితే మళ్ళీ కట్టారు. కట్టొద్దని మేమనడం లేదు. చరిత్ర రాళ్ళు నిలవాల్సిందే. కానీ ఆ స్తంభం మీద చెక్కింది జె.ఆర్. అనే రెండక్షరాలే. రేమండ్ కింద తుపాకులు మోసిన సిపాయిలు దాదాపు 14 వేల మంది. వాళ్ళలో ఒక్కడి పేరూ అక్కడ లేదు.

ఆ సిపాయిల కథ వినదగింది. 1798 సెప్టెంబరు 1న ఇంగ్లీషు కుంపిణీ నిజాంతో ఒడంబడిక రాయించుకుంది. ఫ్రెంచి పటాలాలు రద్దు కావాలె, కుంపిణీ పటాలాలు రావాలె. ఆ సంగతి తెలిసి అక్టోబరులో సిపాయిలు తిరగబడ్డారు. మా బకాయి జీతాల మాటేందని తమ ఫ్రెంచి అధికారులనే పట్టి బంధించారు. ఇంగ్లీషు ఫౌజు చుట్టుముట్టి, ఆయుధాలు దించితే జీతం ఇప్పిస్తామంది. దించారు. అక్టోబరు 22న యుద్ధం లేకుండానే పని ముగిసింది. మన పుస్తకాలు దీన్ని కిర్క్‌పాట్రిక్ చాకచక్యం అని రాస్తయి. కూలి డబ్బుల కోసం కొట్లాడిన పేదోళ్ళ సంగతి ఒక వాక్యంలో దాటేస్తయి.

కుంపిణీ పటాలాల ఖర్చు ఏడాదికి 24 లక్షల పైచిలుకు. 1800లో ఇంకా పటాలాలు పెంచి వాటి ఖర్చు కింద బళ్ళారి, కడప సీమలను నిజాం కుంపిణీకి అప్పజెప్పాడు. సర్కారుకు శిస్తు కట్టింది రైతు. ఆ రైతు చేలో చాకిరీ చేసింది మాల మాదిగ. లష్కర్ అని మనం పిలిచే సికింద్రాబాద్ కంటోన్మెంటు 1806లో ఇట్లా లేచింది. అక్కడి తెల్లోళ్ళ శ్మశానాల్లో రాతి పలకల మీద పేర్లు, హోదాలు, తారీఖులు ఇప్పటికీ చదవొచ్చు. అదే లష్కర్లో ఉన్న మద్రాసు సైన్యంలో మాలలు, పరయలు సిపాయిలుగా పనిచేశారు. తర్వాత 'యుద్ధజాతులు' అనే కొత్త శాస్త్రం పుట్టించి అంటరానోళ్ళకు సైన్యం తలుపులు మూసింది అదే తెల్ల సర్కారు. 1890ల్లో మహర్లకూ అదే గతి పట్టించారు. అవసరముంటే సిపాయి, తీరినంక అంటరానోడు.

పుణె దగ్గర కోరెగాంలో ఇంకో స్తంభం ఉంది. 1818 జనవరి 1న పేష్వా సైన్యంతో జరిగిన పోరాటానికి గుర్తు. కట్టింది ఇంగ్లీషోళ్ళే, తమ గెలుపు కోసమే. అయినా దాని మీద చచ్చిన సిపాయిల పేర్లున్నయి. అందులో 22 మంది మహర్లు. అందుకే బాబాసాహెబ్ 1927 జనవరి 1న అక్కడికి పోయాడు. రాతి మీద పేరుంటే వందేళ్ళ తర్వాతైనా మనవడొచ్చి నిలబడతాడు.

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా ఒకప్పటి పొలాలన్నీ కాలనీలయినయి. గజం ధర చెప్పేవాళ్ళు గల్లీకొకరున్నరు. ఆ ఊళ్ళ మాదిగ వాడల, మాల వాడల బొందలగడ్డలు ఎన్ని మిగిలినయి? ఏ సర్వే నంబరులో ఉన్నయి? కార్యకర్తలు తహసీలు ఆఫీసులో పహాణీలు తీయించి చూడాలె. ముసలోళ్ళను అడిగి హద్దులు రాసుకోవాలె. మీ ఇంట్లో ఎవరి తాతన్నా పటాలంలో పనిచేసి ఉంటే పేరు, ఊరు, పటాలం పేరు మాకు రాయండి. ఒక్క పేరొచ్చినా అచ్చు వేస్తాం.