రిపోర్టు నార్మల్ అంటే జబ్బు లేనట్టు కాదు



ఈ వారం మేము ఒక విషయం కొంచెం సూటిగా మాట్లాడాలనుకుంటున్నాం. మన సంఘాల్లో రెండు రకాల రోగులకు చోటు ఉంది. ఒకరు, జబ్బు పేరు తెలిసినవారు. షుగరు అనో, కిడ్నీలో రాయి అనో, గర్భసంచి ఆపరేషన్ అనో చెప్పగానే అందరికీ అర్థమవుతుంది. పండ్లు పట్టుకుని వెళ్లి చూసి వస్తాం. రెండోవారు స్వస్థత పొందినవారు. ఆదివారం ఆరాధనలో వారికి మైకు ఇచ్చి సాక్ష్యం చెప్పమంటాం.

మూడో రకంవారు కూడా మన మధ్యనే ఉన్నారు. నెలలు గడిచినా, ఏళ్లు గడిచినా తగ్గదు. ఏం జబ్బో డాక్టర్లు తేల్చి చెప్పలేరు. మంచం పట్టేంత జబ్బూ కాదు, లేచి పని చేసుకునేంత ఆరోగ్యమూ కాదు. పండ్లు తీసుకెళ్లడానికి జబ్బుకు పేరు లేదు, మైకు ఇవ్వడానికి స్వస్థత రాలేదు. వీరు వెనక వరుసలో చాప మీద కూర్చుని, ఆశీర్వాదం కాకముందే లేచి వెళ్లిపోతున్నారు. ఎందుకు వెళ్తున్నారో మనం అడగడం లేదు. ఒంట్లో బాగాలేదని మనిషి చెప్పినప్పుడు, కాగితం చూపించమనకుండా ఆ మాట నమ్మడమే సంఘం చేయవలసిన మొదటి పరిచర్య అని మా అభిప్రాయం.

మా పరిచర్యలో ఎరిగిన ఒక సహోదరి సంగతి ఆమె అనుమతితోనే చెబుతున్నాం. పేరూ ఊరూ చెప్పం. రెండేళ్ల క్రితం వానాకాలంలో ఆమెకు జ్వరం వచ్చింది. వారం రోజుల్లో జ్వరం పోయింది గాని ఒంట్లో సత్తువ తిరిగి రాలేదు. రాత్రంతా పడుకున్నా, పొద్దున్నే నిద్రపోనట్టే లేస్తుంది. ఒక రోజు మిరప కోతకు వెళితే రెండు రోజులు చాప మీదే. ఇద్దరు పిల్లలు, ఎనిమిదో తరగతి అమ్మాయి, మూడో తరగతి బాబు. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర సెలైన్లు పెట్టించుకుంది. పట్నంలో ఆసుపత్రికి వెళ్లింది. చెవి కమ్మలు తాకట్టు పెట్టి ఇంకో పెద్ద ఆసుపత్రికీ వెళ్లింది. రక్తపరీక్షలు, థైరాయిడ్, స్కానింగ్, అన్నీ నార్మల్. "ఏమీ లేదమ్మా, టెన్షన్ తగ్గించుకో" అని చెప్పి పంపించారు. తిరుగు బస్సులో ఆమె ఏడ్చిందట. రిపోర్టు నార్మల్ వస్తే ఎవరైనా సంతోషిస్తారు గదా! ఇంటికి వెళ్లి ఏమని చెప్పాలి అన్నదే ఆమె ఏడుపు.

ఆమె భయపడినట్టే జరిగింది. "చూడ్డానికి బాగానే ఉందిగా" అన్నారు. కోతల ముఠాలో పిలవడం మానేశారు. వాళ్లను మాత్రం ఏమనగలం? అందరితో సమానంగా కోయలేని మనిషి ఉంటే ముఠా మొత్తం వెనకబడుతుంది. ఉపాధి పనిలోనూ కొలతను బట్టే కూలి. డ్వాక్రా వాయిదా మాత్రం ఒంట్లో బాగున్నా లేకున్నా నెల నెలా వస్తుంది. ఇంటి చుట్టుపక్కల వాళ్లు గాలి సోకిందన్నారు, ఎవరో చేతబడి చేశారన్నారు. మందిరానికి వస్తే మనవాళ్లు అన్నదీ దాదాపు అదే. "దాచిన పాపం ఏమైనా ఉందేమో పరీక్షించుకో." "విశ్వాసం చాలడం లేదు." బయటివాళ్ల మాటలకు తాయెత్తు ఒక్కటే తక్కువ, మన మాటలకు వాక్యం తోడైంది. అంతే తేడా.

మేము వైద్యులం కాము. అయినా వైద్యులను అడిగి తెలుసుకున్న సంగతి ఒకటి చెప్పాలి. పరీక్ష నార్మల్ రావడమంటే, ఆ పరీక్ష వెతికిన జబ్బు అందులో కనబడలేదని మాత్రమే. జబ్బే లేదని కాదు. కొన్ని జబ్బులు మొదట్లో పరీక్షకు అందవు. కొన్నిటిని నిర్ధారించే రక్తపరీక్ష ఇంతవరకు లేనే లేదు. క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్ అని ఒకటి ఉంది. చాలామందికి అది వైరస్ జ్వరం తర్వాతే మొదలవుతుంది. దాని ముఖ్య లక్షణం ఏమిటంటే, ఒంటికి మించి చిన్న పని చేసినా ఆ రోజో మర్నాడో మనిషి కుప్పకూలిపోతారు, విశ్రాంతి తీసుకున్నా తేరుకోరు. "బద్ధకం వదిలి పనిలో పడితే అదే తగ్గుతుంది" అని అలాంటి వారికి చెప్పే సలహా మేలు కన్నా కీడే చేస్తుంది. కోవిడ్ తర్వాత ఇలా మిగిలిపోయినవారు ఎందరో. 2006లో చికున్‌గున్యా మన తెలుగు జిల్లాలను కుదిపేసినప్పుడు, జ్వరం పోయిన నెలల తర్వాత కూడా కీళ్లు పట్టేసి గోడ పట్టుకుని నడిచినవాళ్లను మనలో పెద్దవాళ్లు చూశారు. అప్పుడు ఎవరినీ నటిస్తున్నావనలేదు. ఊరంతా పడ్డారు గనుక నమ్మాం. ఒక్కరే పడితే నమ్మడం లేదు.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం సంగతే చూడండి. కొబ్బరి తోటలు, జీడి తోటలు ఉన్న పచ్చటి నేల. అక్కడ దశాబ్దాలుగా కిడ్నీలు పాడైపోతున్నాయి. నీళ్లని, నేలని, ఎండలో పనిని ఎన్నో విధాల పరిశోధించారు. ఇదే కారణం అని అందరూ ఒప్పుకున్న జవాబు ఇంకా రాలేదు. అలాగని డయాలసిస్ మంచం మీద ఉన్న మనిషితో "కారణం తేలాక చూద్దాం" అనం కదా! కారణం తెలియకపోయినా బాధ బాధే. చికిత్సా, సాయమూ ఆగకూడదు.

ఇక వాక్యంలోకి వెళ్దాం. అపొస్తలుడైన పౌలుకు శరీరంలో ఒక ముల్లు ఉండేదని రెండవ కొరింథీ పత్రిక 12వ అధ్యాయంలో చదువుతాం. ఆ ముల్లు ఏమిటి? కళ్ల జబ్బు అన్నారు, మలేరియా అన్నారు, మూర్ఛ అన్నారు, జబ్బే కాదన్నవారూ ఉన్నారు. ఇన్ని శతాబ్దాలుగా పండితులు వెతుకుతున్నా తేలలేదు. బైబిలులో కూడా పేరు దొరకని బాధ ఒకటి ఉందన్నమాట! తీసివేయమని మూడుసార్లు వేడుకున్నాడు. తీసివేయబడలేదు. భరించే కృప మాత్రం దొరికింది. ఆ పౌలే కొరింథులో డేరాలు కుట్టి తన చేతులతో సంపాదించుకున్నాడు. ఆయన శరీర దౌర్బల్యాన్ని చూసి గలతీయులు ఆయనను తృణీకరించలేదని ఆయనే రాశాడు. పౌలుకు విశ్వాసం చాలలేదని అనే ధైర్యం మనలో ఎవరికైనా ఉందా? తన తోటి పనివాడైన త్రోఫిమును ఆయన మిలేతులో రోగిగానే విడిచి వచ్చాడు. తిమోతికి తరచుగా వచ్చే బలహీనతల గురించి రాసినప్పుడు గద్దింపు రాయలేదు, కడుపుకు పనికొచ్చే సలహా రాశాడు.

యోబు స్నేహితులను కూడా గుర్తు చేసుకోండి. ఏడు పగళ్లు, ఏడు రాత్రులు మాట లేకుండా నేల మీద అతని పక్కన కూర్చున్నారు. వాళ్లు చేసిన మంచి పని అదొక్కటే. నోరు తెరిచి కారణాలు చెప్పడం మొదలుపెట్టాక చెడిపోయారు. చివరి అధ్యాయంలో దేవుని కోపం యోబు మీద కాదు, కారణాలు చెప్పినవాళ్ల మీద రగిలింది.

అన్నిటికన్నా మార్కు సువార్త 5వ అధ్యాయం మమ్మల్ని ఆపుతుంది. 12 ఏళ్ల రక్తస్రావం. ఎందరో వైద్యుల దగ్గర ఎన్నో తిప్పలు పడి, ఉన్నదంతా ఖర్చు పెట్టి, ఇంకా ఎక్కువ చేసుకున్న స్త్రీ. మన సహోదరి కమ్మలు అక్కడ కనబడడం లేదా? ఆ రోజు యేసు ప్రభువు ఖాళీగా లేడు. చావుబతుకుల్లో ఉన్న యాయీరు కూతురి కోసం వెళ్తున్నాడు. అంత తొందరలో కూడా ఆగాడు. ఆమె తన సంగతి అంతా, ఒక్కటీ దాచకుండా, చెప్పేదాకా నిలబడి విన్నాడు. ఆ తర్వాత ఆమెను కుమారీ అని పిలిచాడు. మనమేమో రెండు మాటలు వినకుండానే "ప్రార్థన చేద్దాం, కళ్లు మూసుకో" అంటున్నాం. ప్రార్థన మంచిదే. కానీ వినడం తప్పించుకోవడానికి ప్రార్థన చేయకూడదు.

"అయితే స్వస్థత కోసం ప్రార్థించవద్దా?" అని కొందరు అడుగుతారు. తప్పక ప్రార్థించాలి. యాకోబు పత్రిక చెప్పినట్టు పెద్దలు వచ్చి నూనె రాసి ప్రార్థించాలి. మేమూ చేస్తున్నాం. మేము కాదనేది ప్రార్థనను కాదు, జవాబు ఆలస్యమైతే ఆ నేరం రోగి మీద మోపడాన్ని. "కొందరు నటిస్తారు కదా, పాస్టర్ గారూ?" అని కూడా అడుగుతారు. నటించేవారిని నమ్మితే మనకు పోయేది ఒక పూట కూర. నిజంగా బాధపడేవారిని నమ్మకపోతే పోయేది ఒక ఆత్మ. ఏది పోగొట్టుకుందామో మీరే చెప్పండి.

పిల్లల మాట ప్రత్యేకంగా చెప్పాలి. తల్లి మూలుగుతుంటే పసిపిల్లలు తమ అల్లరి వల్లే అమ్మకు జబ్బు వచ్చిందనుకుంటారు. "నువ్వు గట్టిగా ప్రార్థిస్తే అమ్మ బాగవుతుంది" అని సండే స్కూల్లో దయచేసి ఎవరూ అనకండి. రేపు తల్లికి తగ్గకపోతే ఆ భారమంతా ఏడేళ్ల పిల్లవాడి నెత్తిన పడుతుంది. "అమ్మకు ఒంట్లో బాగోలేదు, ఇది నీ తప్పు కాదు, పెద్దవాళ్లం చూసుకుంటున్నాం" అని చెప్పండి. ఇక అమ్మ పడుకుంటే పొయ్యి దగ్గరికి ముందు వెళ్లేది ఆడపిల్లే. మొదట సోమవారం బడి మానుతుంది, తర్వాత వారం, తర్వాత పేరు కొట్టేస్తారు. తండ్రులారా, అన్నం వార్చడం మగవారికి అవమానం కాదు. తిబెరియ సముద్ర తీరాన నిప్పులు వేసి శిష్యులకు భోజనం సిద్ధం చేసినవాడు మన ప్రభువే.

మన స్త్రీలు ఇంట్లో అన్నం వండే ముందు ప్రభువు కోసం గుప్పెడు బియ్యం తీసి పెడతారు. ఎంత చక్కటి అలవాటు! ఆ గుప్పెడు బియ్యంలో కొంత, వండిన అన్నంగా ఇలాంటి ఇళ్లకు చేరితే బాగుంటుందని మా మనవి. వారానికి రెండు సాయంత్రాలు, వంతుల వారీగా. ఒకరు పిల్లలను తమ పిల్లలతో పాటు బడికి తీసుకెళ్లవచ్చు. ఒకరు ఆసుపత్రికి తోడు వెళ్లి ఓపీ వరుసలో నిలబడవచ్చు. "ఇంకా తగ్గలేదా?" అని అడగకండి, అది ఆమెను దోషిని చేసినట్టు ఉంటుంది. "ఈ రోజు ఏ పని మిగిలింది?" అని అడగండి. సాక్ష్యాల సమయంలో "నాకింకా తగ్గలేదు, అయినా ప్రభువును విడవలేదు" అని చెప్పేవారికి కూడా మైకు ఇవ్వాలి. అంతకన్నా పెద్ద సాక్ష్యం ఏముంది?

జబ్బుతో ఉన్న సహోదరీ, సహోదరుడా, మీతో నాలుగు మాటలు. నొప్పి తగ్గుతుందని ఏ మందో తెలియని ఇంజెక్షన్లు, పొట్లాల్లో మాత్రలు వాడకండి. వాటిలో స్టెరాయిడ్లు ఉండవచ్చు. నొప్పి మాత్రలు అదే పనిగా మింగితే కిడ్నీలు దెబ్బతింటాయి. పది ఆసుపత్రులు తిరగడం కన్నా, ఓపికగా వినే ఒక్క డాక్టరు దగ్గరికి అన్ని కాగితాలూ తేదీల వరుసలో పెట్టుకుని వెళ్లండి. ఏ రోజు ఏ పని చేస్తే ఎలా ఉందో పిల్లల పాత నోటుపుస్తకంలో రాసుకోండి. బరువు తగ్గుతున్నా, రక్తం పడుతున్నా, రెండు వారాలు దాటి దగ్గు ఉన్నా ఆలస్యం చేయవద్దు. కళ్లె పరీక్ష ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం. ఏ స్వస్థత కూటంలో ఎవరు చెప్పినా డాక్టరును అడగకుండా మందులు ఆపవద్దు. బతకాలనిపించని రాత్రి వస్తే మా తలుపు కొట్టండి, లేదా 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వం నడిపే టెలీ మానస్. తెలుగులో మాట్లాడతారు, డబ్బులు తీసుకోరు. అది అవిశ్వాసం కాదు.

మీకు జబ్బు పేరు దొరకకపోవచ్చు. మీ పేరు మాత్రం ప్రభువుకు తెలుసు. వచ్చే ఆదివారం ఆశీర్వాదం అయ్యేదాకా కూర్చోండి. కూర్చోలేకపోతే పడుకునే వినండి, మందిరంలో గోడ పక్కన చాప వేసి ఉంచుతాం. ఎవరైనా ఏమైనా అంటే మేము చూసుకుంటాం.

సమస్త ఆదరణ అనుగ్రహించు దేవుడు మీ ఇంటిని, మీ పిల్లలను, మీ అలసిన శరీరాన్ని కాపాడును గాక. ఆమేన్.